వైఫై వలలో జారిన ముడి



ఈనాటి ప్రసంగ విషయం వినగానే "ఇది మగవాళ్ళ వ్యవహారం, మనకెందుకు?" అనుకునేవారు కొందరుండవచ్చు. కాస్త ఓపిక పట్టండి. ఫ్యూజు పోతే తీగ చుట్టడం, గ్యాసు సిలిండరు మార్చి రెగ్యులేటరు బిగించడం, మిక్సీ ఉన్నట్టుండి ఆగిపోతే అడుగున ఉన్న ఎర్ర మీట నొక్కడం, ఇవన్నీ ఒకప్పుడు మగవాళ్ళ పనులే. ఈరోజు వీటికోసం సాయంత్రందాకా ఎదురు చూసే గృహిణులు తక్కువ. ఆ కోవలోకే ఇప్పుడు ఇంకొక పని వచ్చి చేరింది. ఇంట్లో రెండు మూడు వైఫై డబ్బాలు పెట్టుకున్నవారికి ఇది తెలిసిన సంగతే. వాటిలో ఒకటి ఉన్నట్టుండి మిగతావాటితో పొత్తు వదిలేసి, ఎర్రదీపం పెట్టుకుని కూచుంటుంది. దాన్ని మళ్ళీ దారికి తేవడం ఎలాగో ఈవేళ చెప్పుకుందాం.

ఒక పూట సినిమా చూడకపోతే కొంప మునిగిపోతుందా అంటారేమో. సినిమా సంగతి పక్కన పెట్టండి. 2020లో కరోనా వచ్చి ఆఫీసులు మూతపడినప్పుడు బెంగుళూరు నుంచీ హైదరాబాదు నుంచీ మన పిల్లలు ల్యాప్‌టాపులు చంకన పెట్టుకుని ప్రొద్దుటూరు, పులివెందుల, జమ్మలమడుగులకూ, వేముల లాంటి ఊళ్ళకూ తిరిగివచ్చారు. చాలామంది మళ్ళీ వెళ్ళిపోయారు. కొందరు ఆడపిల్లలు, ముఖ్యంగా చంటిబిడ్డల తల్లులు, ఇంటినుంచే పనిచేసే వీలు చూసుకుని ఉద్యోగం నిలుపుకున్నారు. అలాంటి కోడలికి ఇంట్లో దొరికే చోటు ఏది? ముందు వసారాలో మామగారూ, వచ్చేపోయేవాళ్ళూ ఉంటారు. నడిమింట్లో టీవీ మోగుతూ ఉంటుంది. ఇక మిగిలింది వెనక గదే గదా! ఆ వెనక గదికే వైఫై సరిగా అందదు.

నెలలో నాలుగుసార్లు మీటింగు మధ్యలో మాయమైతే పై అధికారి ఏమనుకుంటాడు? ఆ అమ్మాయి ఇంటి గోడలు ఎంత మందమో అతనికేం తెలుసు? పని మీద శ్రద్ధ లేదనుకుంటాడు. ఇంట్లోవాళ్ళేమో "ఇంత అవస్థ పడి చేయకపోతేనేం, మానేయరాదా" అంటారు. అలా రెండువైపులనుంచీ ఒత్తిడి పడితే, ఒక దీపం ఎర్రగా వెలగడం ఒక జీతానికి ఎసరు పెడుతుంది. 2019లో మొదలైన ఈ-సంజీవని ద్వారా డాక్టరుతో ఫోనులోనే మాట్లాడే పెద్దవాళ్ళున్నారు, పరీక్షలకు పాఠాలు చూసుకునే పిల్లలున్నారు. వాళ్ళందరి అవసరమూ ఆ డబ్బాతో ముడిపడి ఉంది. మరమ్మతు మనిషి రేపొస్తాను, ఎల్లుండొస్తాను అంటాడు. పగలంతా ఇంట్లో ఉండేది మనం. కనుక ఈ విద్య మన చేతిలో ఉండడమే మంచిది.

అసలు ఈ ఏర్పాటు ఏమిటో ముందు చూద్దాం. మెష్ అంటే వల. నోడ్ అంటే వలలోని ముడి. బయటినుంచి ఆప్టికల్ ఫైబరు తీగ వచ్చి ఒక డబ్బాలో చేరుతుంది. దాన్ని ఫైబరు డబ్బా అందాం. దానికి తీగతో తగిలించి ఉండేది తల్లి డబ్బా, అంటే ప్రధాన రూటరు. మిగతా గదుల్లో పెట్టినవి పిల్ల డబ్బాలు. ఇవి తల్లి దగ్గరనుంచి గాలిలోనే సంకేతం అందుకుని, మన ఫోన్లకూ ల్యాప్‌టాపులకూ అందిస్తాయి. మిద్దె పోసేటప్పుడు కూలీలు వరసగా నిలబడి సిమెంటు తట్టలు చేతులు మార్చుకోవడం చూసే ఉంటారు. నడుమ ఒక మనిషి పక్కకు తప్పుకుంటే కింద ఎంత కాంక్రీటు ఉన్నా పైకి ఒక్క తట్టా చేరదు. ఇదీ అంతే. ఈ పద్ధతికి 2011లో ఒక అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. ఇళ్ళల్లో వాడుకునే మెష్ పెట్టెలు 2016 ప్రాంతంలో మార్కెట్టులో విరివిగా దొరకసాగాయి.

ఇక్కడ ఒక చిన్న విషయం బాగా గుర్తుపెట్టుకోండి. తల్లి డబ్బాకూ పిల్ల డబ్బాకూ మధ్య ఉండే బంధం ఒకటి. పిల్ల డబ్బాకూ మీ ఫోనుకూ మధ్య ఉండే బంధం మరొకటి. ఫోను పైన కనిపించే వైఫై గీతలు ఆ రెండో బంధాన్నే చూపిస్తాయి. మీరు పిల్ల డబ్బా పక్కనే కూచుంటే గీతలు నిండుగా ఉంటాయి. అయినా నెట్టు రాదు! "గీతలన్నీ ఉన్నాయి, నెట్టు మాత్రం లేదు, ఫోనే చెడిపోయింది" అని ఫోను పట్టుకుని ప్రొద్దుటూరు దుకాణాలకు పరిగెత్తేవాళ్ళున్నారు. తెగింది మొదటి బంధమని తెలిస్తే ఆ బస్సు ఖర్చు మిగిలినట్టే.

ఇక మన ఇళ్ళ సంగతి. కడప బండలు దేశమంతా పేరుపడ్డవి. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు చుట్టుపక్కల నాపరాయికి కరువు లేదు. మన తాతలు ఆ రాతితోనే గోడలు లేపారు. అడుగున్నర, రెండడుగుల మందం. పైన మట్టిమిద్దె. ఎండాకాలంలో ఆ ఇళ్ళ చల్లదనం కొత్త ఇళ్ళకు రాదు. ఎండను ఆపిన ఆ గోడే వైఫైనీ ఆపుతుంది. పట్టణాల్లో కొత్తగా కట్టిన మేడల్లోనూ ఇనుపకమ్ముల కాంక్రీటు అదే పని చేస్తుంది. పాత మిద్దెల్లో గవాచి ఉంటుంది చూడండి. దానిలోంచి పడే వెలుతురు సరిగ్గా దాని కింద నేలమీదే పడుతుంది గాని మూలకు చేరదు. రాతి ఇంట్లో వైఫై కూడా ఎక్కువభాగం వాకిలిగుండానే అవతలి గదికి వెళుతుంది. తలుపు తీసి ఉంటే వచ్చి, మూస్తే పోతుందంటే కారణం ఇదే.

ఈ తరంగాల్లో మన ఇళ్ళల్లో వాడేవి ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి 2.4 గిగాహెర్ట్జ్, రెండోది 5 గిగాహెర్ట్జ్. పక్కవీధిలో పెళ్ళి జరుగుతుంటే తలుపులు మూసుకున్నా డోలు దెబ్బ వినిపిస్తుంది, సన్నాయి మాత్రం సరిగా వినపడదు. 2.4 ఆ డోలు లాంటిది. వేగం తక్కువైనా గోడల్ని కొంత దాటుతుంది. 5 సన్నాయి లాంటిది. వేగం ఎక్కువ, గోడ అడ్డం వస్తే నీరసపడుతుంది. పిల్ల డబ్బాలు తల్లితో మాట్లాడడానికి సాధారణంగా వేగమైన రకాన్నే కోరుకుంటాయి. కనుక మధ్యలో రాతిగోడ ఉంటే బంధం పలుచబడి, ఏదో ఒకనాడు తెగుతుంది.

ఇప్పుడు అసలు పనిలోకి దిగుదాం. ఎర్రదీపం కనపడగానే కంగారుపడి అన్ని మీటలూ నొక్కకండి. వైద్యుడు నాడి చూసినట్టు ఒక వరసలో చూసుకుంటూ పోవాలి.

మొట్టమొదట అడగవలసిన ప్రశ్న: నెట్టు ఇల్లంతటికీ పోయిందా, ఆ ఒక్క గదికేనా? ఫోను పట్టుకుని తల్లి డబ్బా పక్కకు వెళ్ళి నిలబడండి. వైఫైని ఒకసారి ఆపి మళ్ళీ వేయండి. లేకపోతే ఫోను ఆ చెడిపోయిన డబ్బానే పట్టుకుని వేలాడవచ్చు. అక్కడ కూడా రాకపోతే తప్పు పిల్ల డబ్బాది కాదు. ఫైబరు డబ్బా వంక చూడండి. ఎల్.ఓ.ఎస్. అని రాసి ఉన్నచోట ఎర్రదీపం వెలుగుతుంటే తీగలోంచి వెలుగు రావడం లేదని అర్థం. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామనాథ్ కోవింద్ ప్రారంభించిన మన రాష్ట్రపు ఫైబర్‌గ్రిడ్ కరెంటు స్తంభాల మీదుగానే తీగలు లాగి ఊళ్ళకు నెట్టు చేర్చింది. స్తంభాల మీది తీగ గాలివానకో ఎత్తు సరుకున్న లారీ తగిలో తెగవచ్చు. అది కంపెనీవాళ్ళే అతకాలి. ఇంట్లో ఆ సన్నటి తీగ బీరువా వెనక మడతపడి నలిగిందేమో చూడండి. కొసను మాత్రం పీకి కంటితో చూడకండి. అందులో వచ్చే వెలుగు కంటికి కనపడదు గాని కంటికి మంచిది కాదు. ఎర్రదీపం లేకుండానే నెట్టు రాకపోతే, నెల డబ్బు కట్టే గడువు దాటిందేమో కనుక్కోండి. చాలా ఇళ్ళల్లో జబ్బు అదే!

తల్లి దగ్గర నెట్టు బాగానే వస్తోందనుకోండి. అప్పుడు రెండో మెట్టు, కరెంటు. పిల్ల డబ్బాకు దీపమే లేకపోతే స్విచ్చి చూడండి. ఇల్లు తుడిచేటప్పుడు ప్లగ్గు కదలడం, ఇస్త్రీపెట్టె కోసం ఎవరో దాన్ని పీకడం మామూలే. మన ఇళ్ళల్లో ఇంకొక తిరకాసు ఉంది. ఇన్వర్టరు కనెక్షను అన్ని గదులకూ ఉండదు. కరెంటు పోయినప్పుడు ముందు గదిలో తల్లి డబ్బా వెలుగుతూనే ఉంటుంది, వెనక గదిలో పిల్ల ఆరిపోతుంది. కరెంటు వచ్చాక సాధారణంగా దానంతట అదే కలుస్తుంది, ఒక్కొక్కసారి కలవదు. వీలైతే రెండింటినీ ఇన్వర్టరు పాయింట్లకే తగిలించండి.

అడాప్టరు కూడా చూడాలి. దానిమీద ఇన్ని వోల్టులు, ఇన్ని ఆంపియర్లు అని అచ్చువేసి ఉంటుంది. టీవీ పెట్టెదో, పాత రూటరుదో పిన్ను సరిపోయింది గదా అని తగిలించకూడదు. వోల్టులు ఎక్కువైతే డబ్బా కాలిపోతుంది. ఆంపియర్లు చాలకపోతే దీపం వెలుగుతుంది గాని డబ్బా గంటకోసారి సొమ్మసిల్లుతుంది. వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి. ఆంపియర్లు అంతకు తగ్గకూడదు. ఒకే రకం అడాప్టర్లు మీ ఇంట్లో రెండుంటే ఒకదాని స్థానంలో ఇంకొకటి పెట్టి చూడండి. తప్పు ఎక్కడుందో తేలిపోతుంది.

మూడో మెట్టు, ఆపి మళ్ళీ వేయడం. దీనికొక క్రమం ఉంది. మూడు డబ్బాలూ ఆపి అర నిమిషం ఆగండి. ముందు ఫైబరు డబ్బా వేసి రెండు మూడు నిమిషాలు ఆగండి. తరవాత తల్లి డబ్బా వేసి దాని దీపం నిలకడగా వెలిగేదాకా ఆగండి. చివరికి పిల్ల డబ్బా. దానికి అయిదు నిమిషాల గడువివ్వండి. అన్నం ఉడికిందా లేదా అని నిమిషానికోసారి మూత తీస్తే ఉడకదు గదా! దీపాల రంగులకు అర్థం కంపెనీకొక తీరుగా ఉంటుంది. పెట్టెలో వచ్చిన చిన్న పుస్తకాన్ని పారేయకుండా దాచుకోండి. ఒక్కొక్కసారి ఈ డబ్బాలు రాత్రిపూట తమ లోపలి ప్రోగ్రామును కొత్తది చేసుకుంటూ ఉంటాయి. ఆ సమయంలో కరెంటు తీసేస్తే నిజంగానే పాడైపోవచ్చు.

అప్పటికీ అలక తీరలేదా? అలిగిన పిల్లను పుట్టింటికి తీసుకురండి. ఇది నాలుగో మెట్టు, అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష. పిల్ల డబ్బాను ఊడదీసి, తల్లి డబ్బా ఉన్న గదిలోనే రెండు మూడు గజాల దూరంలో తగిలించండి. అయిదు నిమిషాల్లో కలిసిపోయిందనుకోండి, డబ్బాలో ఏ జబ్బూ లేదన్నమాట. తప్పంతా అది ఉన్న చోటులోనే ఉంది. అక్కడ కూడా కలవకపోతే తప్పు డబ్బాలోనే ఉంది. ఈ ఒక్క పరీక్ష తెలిస్తే, అవసరం లేకపోయినా కొత్త డబ్బా అంటగట్టాలని చూసేవారి మాట మీమీద పనిచేయదు.

చోటులో తప్పు ఉంటే ఏం చేయాలి? చాలామంది పిల్ల డబ్బాను సంకేతం అస్సలు అందని గదిలో పెడతారు. అందని చోట పెడితే అది మాత్రం ఎక్కడినుంచి తెచ్చి ఇస్తుంది? అది ఉండవలసింది సగం దారిలో, సంకేతం ఇంకా బాగా అందుతున్న చోట. వెనక గదికి నెట్టు కావాలంటే నడిమింట్లో, వెనక గది వాకిలికి ఎదురుగా పెట్టాలి. తల్లి నుంచి పది మీటర్లు, ఒకటి రెండు గోడలు దాటకుండా చూసుకోండి. రాతిగోడలైతే ఇంకా దగ్గర పెట్టాలి. నేలమీద కాకుండా నడుమెత్తున, గూట్లో దాచకుండా బయట ఉండాలి. ఇనుప బీరువా, ఫ్రిజ్జు, నిలువుటద్దం, నీళ్ళ డ్రమ్ము, టీవీ వెనక భాగం దీనికి బద్ధశత్రువులు. మైక్రోవేవ్ పొయ్యి నడుస్తున్నంతసేపూ 2.4 తరంగాలకు అంతరాయం కలుగుతుంది. "నిన్నటిదాకా బాగుండింది, ఈరోజు పోయింది" అన్నప్పుడు నిన్నటికీ ఈరోజుకీ ఇంట్లో ఏం మారిందో గుర్తుచేసుకోండి. కొత్త బీరువా వచ్చి వాకిలి పక్కన కూచుందేమో. పండగకని సామాన్లు జరిపారేమో.

మన జిల్లా ఎండల సంగతి కూడా చెప్పాలి. ఇళ్ళల్లో వాడే ఈ డబ్బాలు చాలామటుకు నలభై డిగ్రీల వేడిదాకా పనిచేయడానికి తయారైనవి. మే నెలలో మనకు నీడలోనే అంతకు మించుతుంది. రేకుల గదిలోనో, పడమటి ఎండ తగిలే కిటికీలోనో పెడితే మధ్యాహ్నం రెండింటికి మూర్ఛపోయి, చీకటిపడ్డాక మళ్ళీ లేస్తుంది. రోజూ ఒకే వేళకు పోతుంటే ముందు వేడినే అనుమానించండి. దానిమీద గుడ్డ కప్పకండి, ఒకదానిమీద ఒకటి పేర్చకండి. కరెంటు తీసి పొడి గుడ్డతో సందుల్లోని దుమ్ము తుడవండి. ఉరుములూ మెరుపులూ మొదలైతే ప్లగ్గులు పీకేయండి. ఫైబరు గాజుతీగ గనక దానిగుండా పిడుగు రాదు గాని, కరెంటు తీగలోంచి రావచ్చు.

ఇక అయిదో మెట్టు. పుట్టింట్లో పెట్టినా కలవని డబ్బా సంగతి. దాన్ని యాప్‌లోంచి తీసేసి కొత్తగా చేర్చుకోవాలి. ఇక్కడే మన ఆడవాళ్ళకు అడ్డం వచ్చే గోడ ఒకటుంది. ఆ యాప్ ఎవరి ఫోనులో ఉంది? చాలా ఇళ్ళల్లో భర్త ఫోనులోనో, హైదరాబాదులో ఉన్న కొడుకు ఫోనులోనో ఉంటుంది. పాస్‌వర్డూ వాళ్ళకే తెలుసు. డబ్బా మన ఇంట్లో, తాళంచెవి ఊరవతల! చాలా కంపెనీల యాప్‌లలో ఇంటివాళ్ళలో ఇంకొకరిని చేర్చుకునే వీలుంటుంది. ఈ ఆదివారమే అడిగి మీ ఫోనునూ చేర్పించుకోండి. వాళ్ళు కాదనరు, ఇంతవరకూ ఎవరూ అడగలేదంతే. బీరువా తాళాలు మన నడుముకు వేలాడినప్పుడు లేని అభ్యంతరం దీనికెందుకు?

యాప్‌లో ముందు కొత్త ప్రోగ్రాము ఏదైనా వచ్చిందేమో చూడండి. తల్లీ పిల్లా రెండూ ఒకే కొత్తదానిమీద ఉంటే మేలు. అప్పటికీ కుదరకపోతే జాబితాలో ఆ పిల్ల డబ్బాను ఎంచుకుని తొలగించండి. తరవాత డబ్బా అడుగునో వెనకో ఉన్న చిన్న బెజ్జంలో పిన్ను పెట్టి, పుస్తకంలో చెప్పినంతసేపు నొక్కితే అది కొత్తదానిలా అవుతుంది. తల్లి పక్కనే పెట్టి మళ్ళీ చేర్చండి. కలిసిందని రూఢి అయ్యాకే దాని చోటికి తీసుకెళ్ళండి.

ఒక్క హెచ్చరిక. ఆపి వేయడం వేరు, బెజ్జంలో పిన్నుతో నొక్కడం వేరు. రెండోది లోపల ఉన్న వివరాలన్నీ చెరిపేస్తుంది. పిల్ల డబ్బాకు చేస్తే నష్టం లేదు. తల్లి డబ్బాకు చేస్తే కంపెనీ ఇచ్చిన యూజరు పేరూ పాస్‌వర్డూ కూడా పోయి, ఇల్లంతా నెట్టు ఆగుతుంది. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టవుతుంది. ఆ వివరాలు ముందే ఒక పుస్తకంలో రాసి ఉంచుకోండి. ఇంకోమాట. అన్ని కంపెనీల డబ్బాలూ ఒకదానితో ఒకటి పొత్తు కలవవు. చవగ్గా వచ్చిందని వేరే కంపెనీది కొనేముందు మీ తల్లి డబ్బాతో కలుస్తుందో లేదో అడిగి తెలుసుకోండి.

రెండడుగుల రాతిగోడకు శాశ్వతమైన మందు తీగే. తల్లి నుంచి పిల్లకు క్యాట్ 6 తీగ లాగించుకుంటే గోడ ఎంత మందమైనా బాధలేదు. నూరు మీటర్ల దాకా పనిచేస్తుంది. మన ఏ ఇల్లూ అంత పొడవుండదు. కరెంటు తీగలు పోయే గొట్టంలోనే దీన్ని దూర్చకుండా విడిగా లాగమని చెప్పండి. గాలిలో అందించే పిల్ల డబ్బాల్లో, ముఖ్యంగా చవకరకాల్లో, చేతులు మారినప్పుడల్లా వేగం సుమారు సగం తగ్గుతుంది. తీగకు ఆ నష్టం లేదు. వెనక గదిలో ఉద్యోగం చేసుకునే అమ్మాయి ఉంటే, మూడో డబ్బా కొనేకంటే ఆ డబ్బుతో తీగ లాగించడం తెలివైన పని. తీగ ఉన్న ఇంట్లో నోడు ఆగిపోతే కొసలు టక్‌మని కూచున్నాయో లేదో చూడండి. ఎలుక కొరికిందేమో చూడండి. వేరే చిన్న తీగతో ఒకసారి పరీక్షించండి.

తీగ రెండు కొసలూ ఒకే డబ్బాలో గుచ్చితే సంకేతాలు గానుగెద్దులా గిరగిర తిరిగి నెట్టంతా స్తంభించవచ్చు. ఈ చిక్కుకు విరుగుడు కనిపెట్టింది ఒక స్త్రీ అని మీకు తెలుసా? అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అనే సంస్థలో పనిచేసిన రేడియా పెర్ల్‌మన్ 1985లో ఒక పద్ధతి ప్రకటించారు. ఎన్ని దారులున్నా, డబ్బాలు తమలో తాము మాట్లాడుకుని, సుడి లేకుండా చెట్టుకొమ్మల్లా ఒక్కొక్క దారినే ఎంచుకుంటాయి. ఒక దారి తెగితే మరొకటి తెరుచుకుంటుంది. ప్రపంచంలోని నెట్‌వర్కుల్లో ఆ పద్ధతి విస్తారంగా వాడుకలోకి వచ్చింది. ఇది మగవాళ్ళ వ్యవహారమని మీ ఇంట్లో ఎవరైనా అంటే ఈమె పేరు చెప్పండి.

చివరగా జాగ్రత్తలు. "మీ వైఫై ఆగిపోయిందట, మేం బాగుచేస్తాం, ఈ యాప్ వేసుకోండి, వచ్చిన నంబరు చెప్పండి" అని ఫోను వస్తే వెంటనే పెట్టేయండి. మీ ఇంట్లో ఏ దీపం ఎర్రగా ఉందో ముక్కూమొహం తెలియనివాడికి ఎలా తెలుస్తుంది? నమ్మి డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి. అది సైబరు మోసాలకోసం కేంద్రప్రభుత్వం పెట్టిన నంబరు. వచ్చేపోయేవాళ్ళకు అతిథుల వైఫై పేరు విడిగా పెట్టి ఇవ్వండి. డబ్బాల బిల్లూ గ్యారంటీ కాగితమూ ఒక కవరులో దాచండి. గ్యారంటీ ఉండగా కంపెనీ పట్టించుకోకపోతే 1915 వినియోగదారుల సహాయ నంబరుకు ఫిర్యాదు చెప్పుకోవచ్చు.

పాలలెక్క రాసే పుస్తకంలోనే ఒక పేజీ దీనికి కేటాయించండి. ఏ తేదీన, ఏ వేళకు, ఏ గది డబ్బా ఆగింది, దీపం ఏ రంగులో ఉంది, ఏం చేస్తే వచ్చింది అని రెండు ముక్కలు రాయండి. నాలుగుసార్లు రాసేసరికి జబ్బు తనంతట తానే బయటపడుతుంది. మధ్యాహ్నాలైతే వేడి, కరెంటు పోయినప్పుడల్లా అయితే ఇన్వర్టరు, తలుపు మూసినప్పుడల్లా అయితే గోడ. మరమ్మతు మనిషి వచ్చినప్పుడు ఆ పేజీ చూపించండి. "మేడమ్, అంతా బాగానే ఉంది" అని రెండు నిమిషాల్లో వెళ్ళిపోవడానికి అతనికి వీలుండదు.

ఈసారి వెనక గదిలోంచి "అత్తా, నెట్టు పోయింది" అని కోడలి గొంతు వినిపిస్తే, "నువ్వు నీ ఫోను నెట్టుతో పది నిమిషాలు నెట్టుకురా, నేను చూస్తాను" అనండి. ఆ మాటతో ఆ పిల్లకు కొండంత ధైర్యం వస్తుంది. తరవాత వరస తెలిసిందే. ఇల్లంతానా ఒక్క గదేనా, కరెంటు, ఆపి వేయడం, పుట్టింటి పరీక్ష, చివరికి యాప్.